బాదం చెట్టుకు చోటిద్దాం

గుండుగొలను నుంచి ఉత్తరంగా ద్వారకాతిరుమల వైపు వెళ్తే మెట్ట, ఎర్రనేల. దక్షిణంగా కొల్లేరు వైపు దిగితే నల్లమట్టి, వరిచేలు, చేపల చెరువులు. రెండు చోట్లా బతికి నీడా, తిండీ, విస్తరీ ఇచ్చే చెట్టు నాటు బాదం. బడి ఆవరణలోనో గుడి వెనకాలో అందరూ చూసిందే. ఉన్నవాటిని చోటు చాలదని కొట్టేస్తున్నాం గానీ, కొత్తవి నాటేవాళ్ళు తక్కువ. నాటడం మాత్రం ఏమంత కష్టం కాదు.

కిరాణా కొట్లో కొనే బాదం గులాబీ కుటుంబానిది, చలికాలంలో కొంత చలి పడే దేశాల పంట. మన నాటు బాదం మద్ది, కరక్కాయ, తాని చెట్ల వర్గంలోది. సముద్రతీరాల జాతి కాబట్టి కాయలు నీటిలో తేలుతూ ఒడ్డు నుంచి ఒడ్డుకు చేరతాయి. ఉప్పుగాలికీ, తుఫాను గాలికీ తట్టుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. వేసవిలో ఉప్పుటేరు మీదుగా పోటునీరు ఎగదన్నే కొల్లేటి పల్లెలకు ఈ గుణం బాగా పనికొస్తుంది.

విత్తనానికి చెట్టు కింద పండి రాలిన కాయనే ఏరుకోవాలి. పైకండ తీసేసి, పెంకు పగలగొట్టకుండా ఒక రాత్రి నానబెట్టి, మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన సంచిలో అడ్డంగా పెట్టి పలచగా మట్టి కప్పాలి. తాజా గింజ అయితే కొన్ని వారాల్లో మొలుస్తుంది. నిలవ పెడితే మొలక శక్తి తగ్గుతుంది. తొలకరి పడ్డాక రెండడుగుల గోతిలో నాటాలి. నీరు నిలిచే నల్లమట్టిలో అయితే దిబ్బ పోసి దాని మీద పెట్టడం మేలు. మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప కట్టాలి. మొదటి రెండు మూడు వేసవులు తడి ఇస్తే చాలు, తరువాత తన నీళ్ళు తనే వెతుక్కుంటుంది.

తల నరకడం మాత్రం పెద్ద పొరపాటు. నడిమి కాండం ఎదుగుతున్న కొద్దీ కొమ్మలు వరస వరసగా అడ్డంగా విచ్చుకుంటాయి, గొడుగు మీద గొడుగు పెట్టినట్టు. తల తీస్తే ఆ తీరు పోతుంది. మనుషులు నడవాలంటే అడుగు వరసను తీస్తే సరి. వేళ్ళు పైపైనే పాకి గచ్చును లేపుతాయి కనుక గోడకు ఇరవై అడుగులైనా ఎడం ఉండాలి. కరెంటు తీగల కింద అసలు వద్దు.

చలి తగ్గేవేళ ఆకులన్నీ ఎర్రబారి రాలతాయి. వెంటనే కొత్త చిగురు వేస్తుంది. ఎండలు ముదిరేసరికి నీడ నిండుగా సిద్ధం. రాలిన ఆకులను తగలబెట్టకుండా పాదులో కప్పితే తేమ ఆరదు. అయితే వాటిలో టానిన్ ఎక్కువ, నీటిని గోధుమరంగుకు మారుస్తాయి. అక్వేరియంలో బెట్టా చేపలు పెంచేవాళ్ళు ఎండుటాకును కావాలనే వేస్తారు. ఇక్కడి చేపల చెరువు గట్ల మీద మాత్రం ఈ చెట్టు వద్దు. రాశిగా పడిన ఆకు కుళ్ళి నీటిని పాడు చేస్తుంది.

పప్పు తీయడానికి ఓపిక ఉండాలి. కాయలను బాగా ఎండబెట్టి, ఒక్కోదాన్ని రాతి మీద అంచున నిలబెట్టి, పై అంచు మీద సుత్తితో కొట్టాలి. పెంకు నిలువునా చీలుతుంది. లోపల సన్నటి పలుకు. పైపొర ఒలిచి వేళ్ళతో మెల్లగా నలిపితే చుట్టుకున్న బద్దలు పొరలుగా విడిపోతాయి. బరువులో దాదాపు సగం నూనే. పచ్చిగానే తినొచ్చు, వేయించుకుంటే ఇంకా కమ్మగా ఉంటుంది.

ముదిరి, ఇంకా ఎర్రబడని వెడల్పాటి ఆకులను కడిగి, కొబ్బరి ఈనెలతో కుట్టుకుంటే విస్తరి. ప్రసాదానికి ఒక్క ఆకు చాలు. తిన్నాక పశువుకో పెంటకుప్పకో పోతుంది. ప్లాస్టిక్ పూత పూసిన పళ్ళెం అలా పోదు.

కొన్నేళ్ళుగా ఊళ్ళ రోడ్ల మధ్యన కోనోకార్పస్ వరసలు నాటుతూ వచ్చారు. అదీ ఈ కుటుంబానిదే, కానీ తినే పప్పూ లేదు, భోజనం వడ్డించే ఆకూ లేదు. తొందరగా పచ్చబడుతుందన్న ఒక్క కారణంతో దాన్ని ఎంచుకున్నాం. బాదానికి ఓ నాలుగేళ్ళు అదనంగా ఆగితే పిల్లలకు ఆటనీడ, చేతిలో పలుకు, పండగనాడు విస్తరి దక్కుతాయి. ప్రతి బడికీ, ప్రతి గుడికీ ఒక్క మూల ఉంటుంది. వచ్చే తొలకరికి ఆ మూలన ఒక బాదం నాటి, కంప కట్టే బాధ్యత ఒకరు తీసుకోవాలి.