ఒక మిల్లీమీటరు ఎడము

సోవియట్ దేశమున జెనిట్ కెమెరాల కొఱకు, జర్మనీలోని జైస్ వారి బయోటార్ రూపరచన ననుసరించి తయారైన హీలియోస్ 44-2 కటకమును నికాన్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాకు అమర్చ బూనువానికి నిజమైన అవరోధము మరచుట్టు కాదు, దూరము. కటకము ఆనుకొను పీఠమునుండి ఫిలిం తలము వరకు ఉండవలసిన వ్యవధి హీలియోస్ వాడు ఎం42 మౌంటునకు 45.46 మిల్లీమీటర్లు, నికాన్‌కు 46.5. ఆ 1.04 మిల్లీమీటరు ఎడము కంటి కానదు గాని, 58 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకము అంతమాత్రము ముందుకు జరిగినచో, రమారమి 3 మీటర్లకు ఆవలనున్న కొండయు గోపురమును మసకబారిపోవును.

ఈ లోపమును సవరించుటకై నడుమ ఒక గాజును పొదిగిన అడాప్టర్లు అంగడిలో కలవు. అవి నాకు సమ్మతములు కావు. పూర్తిగా తెఱచిన హీలియోస్ వెనుకటి ఆకులను, వెలుగుచుక్కలను సుడి తిప్పినట్లు చూపు వింత స్వభావమునకై దానిని కోరుకొని, ఆ గాజులకు పరాయి గాజును జతపఱచుట ఏమి న్యాయము? గాజుల సముదాయమును గొట్టములో ఆ మిల్లీమీటరు వెనుకకు దింపుటయే ఉత్తమమార్గము.

అందులకు ఫోకస్ మరలను విప్పవలసివచ్చును. వానికి మొదళ్లు అనేకము లుండుటచే, విడివడిన చోటును ముందే గుర్తు పెట్టుకొననివాడు తిరిగి బిగించునపుడు వేఱొక మొదట ఎక్కించి, అనంతదూరమును పోగొట్టుకొనును. గట్టిపడిన పాత గ్రీజును తుడిచి, కొత్తది పలుచగా పూసి, పిమ్మట చంద్రబింబముపై గురిచూచి సరిచేయుట నా అలవాటు. అంచు కత్తిరించినట్లు నిలిచిన క్షణమున కలుగు సంతోషము, ఎన్ని కటకములు చక్కబఱచినను, నాకు తఱుగుట లేదు.

అద్దము లేని కెమెరాలు ఈ శ్రమను చాలవఱకు తప్పించినవి. సోనీ ఇ మౌంటునకు ఆ వ్యవధి 18 మిల్లీమీటర్లే గనుక, 27.46 మిల్లీమీటర్ల బోలు గొట్టము చాలును. 1987లో కెనాన్ వారు ఇ.ఎఫ్. మౌంటును తేగా, 42 మిల్లీమీటర్ల వ్యవధి గల వారి పాత ఎఫ్.డి. కటకములు 44 మిల్లీమీటర్ల ఆ కొత్త కెమెరాలపై నిలువలేక నిరాశ్రయములైనవి. అవియు నేడు ఇట్టి గొట్టములతోనే మరల లోకమును చూచుచున్నవి. కావున గొట్టముతో పోవుచోట ఆకురాయి పట్టకుడు. పట్టక తప్పనిచో అరుదైన కటకమును వదలి, విరివిగా దొరకు హీలియోస్ వంటిదానిపై చేయి చేసికొనుడు. విప్పిన పాత పీఠమును, మరలను పొట్లము కట్టి కటకముతోనే ఉంచుడు. తరువాతి యజమాని దానిని జెనిట్‌కే తిరిగి బిగింప దలచవచ్చును.