పగిలిన నాబ్

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరయినా, కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతరయినా స్టేజీ పక్కన సౌండ్ సర్వీస్ వ్యాను ఉండాల్సిందే. ఆర్కెస్ట్రా గిటారు ఆంప్లిఫైయరూ, హరిదాసు మైకుకు పెట్టే ఆంప్లిఫైయరూ బాక్సుల నడుమ ఇరుక్కుని ఊరూరూ తిరుగుతాయి. ఆ కుదుపులకు ముందుగా దెబ్బ తగిలేది బయటికి పొడుచుకొచ్చి ఉండే నాబ్‌కే. అది ఊడి పడిపోతే చాలామంది చేసే పని ఒకటే, షాఫ్ట్‌ను కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పడం. ఎలాగో తిరుగుతుంది కదా, పాట వస్తుంది కదా అనుకుంటారు. నాకు మాత్రం ఆ పని చూస్తే బాధ కలుగుతుంది.

ఎందుకో లెక్క వేసి చూడండి. షాఫ్ట్ మందం 6 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత సుమారు 19 మిల్లీమీటర్లు. 3 సెంటీమీటర్ల నాబ్ చుట్టుకొలత 94 మిల్లీమీటర్లు. వేలు ఒక్క మిల్లీమీటరు జరిగితే ఉత్త షాఫ్ట్ 19 డిగ్రీలు తిరుగుతుంది, నాబ్ ఉంటే 4 డిగ్రీలు కూడా తిరగదు. హరికథ మధ్యలో మైకు కూత పెట్టబోతుంటే వెంట్రుకవాసి తగ్గించి ఆపేది ఆ తేడాయే. గిటారు వాయించేవాడికి చీకటి స్టేజీ మీద ట్రెబుల్ ఎక్కడుందో, బాస్ ఎంతుందో వేళ్ళకే తెలియాలి. నాబ్ అలంకారం కాదు, వాయిద్యంలో భాగం.

కురబలకోట, అంగళ్ళు వైపు వాళ్ళకు విడిభాగం కావాలంటే మొదట మదనపల్లె, అక్కడా దొరకకపోతే బెంగుళూరు ఎస్.పి. రోడ్డు. మదనపల్లె నుంచి బెంగుళూరు సుమారు 120 కిలోమీటర్లు. రేపు రాత్రి ప్రోగ్రాం ఉన్నవాడు ఇరవై రూపాయల ప్లాస్టిక్ ముక్క కోసం అంత దూరం పోలేడు. రేడియోలు బాగుచేసిన చేతులే మైకుసెట్లు కూడా బాగుచేయడం మన పల్లెలకు కొత్త కాదు. పేరున్న గిటారు ఆంప్లిఫైయర్లలో కొన్నిటి మూలం కూడా రిపేరు బల్లే. గిటార్లు, ఆంప్లిఫైయర్లు తయారుచేసిన లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్న మనిషి. ఆయన కంపెనీ 1952లో తెచ్చిన బాస్‌మ్యాన్ ఆంప్లిఫైయర్‌ను చూసి ఆ తర్వాత పదేళ్ళకు లండన్‌లో జిమ్ మార్షల్ కొట్టువాళ్ళు తమది తయారుచేసుకున్నారు.

ఇక పని సంగతి. విప్పకముందే రోగం ఎక్కడుందో తేల్చుకోవాలి. నాబ్ ఊరికే గిరగిరా తిరిగి శబ్దంలో మార్పు లేకపోతే దాని లోపలి గొట్టం పగిలిందని అర్థం. నాబ్‌తో పాటు పాట్ (షాఫ్ట్ ఉండే పొటెన్షియోమీటర్) మొత్తం కదులుతుంటే నట్టు వదులైంది. వెంటనే బిగించాలి, లేకపోతే వెనక వైర్లు మెలితిరిగి తెగుతాయి. తిప్పినప్పుడు గరగరమంటే తప్పు పాట్ లోపల ఉంది, కొత్త నాబ్ పెట్టినా గరగర పోదు.

నాబ్ తీసేటప్పుడు పక్కన చిన్న మర ఉందేమో చూడాలి. పాత వాల్వు రేడియోల్లో కొన్నిటికి ఆ మర కంతలో మైనం నింపి ఉండేది. ఆ సెట్ల చాసిస్‌కే కరెంటు ఉండే వీలుంది కాబట్టి వేలికి మర తగలకుండా చేసిన ఏర్పాటది. మైనం గీకినవాళ్ళు తిరిగి నింపాలి. మర లేకపోతే మెత్తని గుడ్డ పేలికను నాబ్ కిందకు దూర్చి, రెండు కొసలూ పట్టి నిటారుగా లాగాలి. స్క్రూడ్రైవరుతో ఎత్తితే ప్యానెల్ గీరుకుపోతుంది, షాఫ్ట్ వంగుతుంది.

పగులు సాధారణంగా గొట్టం పొడవునా ఉంటుంది. చీలిక ఉన్న షాఫ్ట్ లోపలి నుంచి బయటికి నెడుతూ ఉంటుంది కనుక. ముందు జిడ్డు కడిగి ఆరబెట్టాలి. నాబ్‌ను షాఫ్ట్ మీదే ఉంచి అతికించకూడదు. 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ వెనకభాగానికి వాజలిన్ పలచగా రాసి గొట్టంలో దూర్చి, అరాల్‌డైట్ రెండు ట్యూబులూ సమంగా కలిపి పగులులోకి పోనివ్వాలి. పైన సన్నని రాగితీగ బిగుతుగా నాలుగైదు చుట్లు చుట్టి, దాని మీద మళ్ళీ కాస్త పూసి, రాత్రంతా వదిలేయాలి. బలమంతా ఆ తీగ చుట్టులోనే ఉంది, జిగురు దానికి తోడు మాత్రమే. ఫెవిక్విక్ తొందర మనిషికి ఇష్టం కానీ, అది షాఫ్ట్ వెంట కారి పాట్‌ను శాశ్వతంగా బిగించేస్తుంది. నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి మచ్చలు కూడా తెస్తుంది.

కొత్త నాబ్ వేసేవాళ్ళు కొలత చూసుకోవాలి. కొన్ని షాఫ్ట్‌లు 6 మిల్లీమీటర్లు, కొన్ని పావు అంగుళం, అంటే 6.35. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. ఆ తేడాను అరచేత్తో నొక్కి సరిపెట్టబోయినా గొట్టం పగులుతుంది. వదులుగా ఉంటే షాఫ్ట్ చీలికను బ్లేడుతో విప్పడం కన్నా నల్లా పనివాళ్ళు వాడే తెల్ల టేపు ఒక చుట్టు వేయడం మేలు. షాఫ్ట్ లోహం పెళుసు, విరిగితే పాటే మార్చాలి.

గరగరకు మందు కాంటాక్ట్ క్లీనర్. పాట్ లోపల గుర్రపు నాడా ఆకారంలో కార్బన్ పట్టీ, దాని మీద జరిగే లోహపు నాలుక ఉంటాయి. క్లీనర్ కొట్టి ఇరవై ముప్పై సార్లు ఇటూ అటూ తిప్పితే మురికి వదులుతుంది. కొబ్బరినూనె వేస్తే నాలుగు రోజులు బాగుండి, తర్వాత దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది. క్లీనర్‌కూ తగ్గకపోతే ముందున్న కెపాసిటర్ నుంచి డీసీ కారుతోందేమో వెతకాలి. వాల్వు ఆంప్లిఫైయర్ అయితే ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో 300 ఓల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. దాన్ని రెసిస్టరుతో దించకుండా చెయ్యి పెట్టకూడదు.

పాట్ మార్చాల్సివస్తే దాని మీది అక్షరం చదవాలి. మన దగ్గర దొరికేవాటిలో సాధారణంగా ‘ఏ’ లాగ్, ‘బి’ లీనియర్. వాల్యూమ్‌కు ‘ఏ’ కావాలి. చెవి శబ్దాన్ని నిష్పత్తుల్లో వింటుంది కనుక ‘బి’ వేస్తే మొదటి పావు తిప్పుడులోనే శబ్దంలో ఎక్కువ భాగం వచ్చేసి, మిగతాది తిప్పినా తేడా తక్కువగా తెలుస్తుంది. చివరికి నాబ్ పెట్టేటప్పుడు షాఫ్ట్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి, గీత గడియారంలో ఏడు దగ్గర ఉండేట్టు నొక్కాలి. కుడికి తిప్పితే అది ఐదు దగ్గర ఆగాలి, ప్యానెల్ మీది సున్నా, పది అంకెలతో సరిపోవాలి.