మానవుడనగా నెవ్వడు? - ఇద్దరు తెలుగు నవలాకారుల సమాధానము

రైలుపెట్టెల కర్మాగారమును గూర్చి పెరంబూరు వారికి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. 1955 అక్టోబరు 2వ తేదీన నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. మన పెద్దలలో పలువురు అందు పనిచేసి పింఛను పుచ్చుకొన్నవారే. పెట్టె పట్టాలపైకి వచ్చుటకు ఎంతో ముందుగనే దాని డ్రాయింగు సిద్ధమై యుండును. ఏ మేకు ఎచ్చట దిగవలయునో, ఎందరు కూర్చుండవలయునో, అన్నియు కాగితముపై తేలిన తరువాతనే ఇనుమునకు పని. 1945 అక్టోబరులో పారిసు నగరమున జాఁ పోల్ సార్త్ర్ ఒక ఉపన్యాసమున సరిగా ఇట్టి దృష్టాంతమునే చూపెను. అతడు చూపినది కాగితములు కోయు కత్తి. మనము రైలుపెట్టె యనుకొన్నను అర్థము చెడదు. వస్తువునకు స్వభావము ముందు, ఉనికి తరువాత. మానవునకట్లు గాదు. ముందు అతడు పుట్టును. తానెవ్వడైనదీ తన పనులచేతనే పిదప తేల్చుకొనును. అతనికి డ్రాయింగు లేదు.

ఈ మాట వినుటకు సొంపుగా నున్నది. కాని తెలుగింట పుట్టిన బిడ్డకు డ్రాయింగు లేదని ఎవ్వరనగలరు? ఇంటిపేరు, గోత్రము, తాతగారి ఖ్యాతి, మేనరికపు మాటలు, ఇవి యన్నియు ఊయల కట్టక మునుపే సిద్ధముగా నుండును గదా. త్రిపురనేని గోపీచందు 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావు ఇట్టి డ్రాయింగు మోయలేక విరిగినవాడు. వంశప్రతిష్ఠ నిలుపుమన్న మాట అతని తలపై పడినది. ప్రతిష్ఠ నిలుపుటకై ఆస్తి కరగించెను. ఆస్తి కరగిన పిదప ప్రతిష్ఠ యెవ్వరికిని అక్కరలేకపోయెను. అటుపై అతడు చేసినదెల్ల తన చేతగానితనమునకు తర్కము కూర్చుకొనుటయే. లోకమంతయు దుష్టమని వాదించును, ప్రేమలన్నియు స్వార్థమని వాదించును, ఆ వాదములలో కొన్ని నిజముగా పదునైనవే. భార్య మౌనముగా ఆ వాదముల వెల చెల్లించుచుండును. తుదకు శ్మశానమున అతని ఘోరమరణముతో కథ ముగియును.

సార్త్ర్ తన 1943 నాటి మహాగ్రంథమున ఆత్మవంచన యను దానిని విస్తరించి చర్చించెను. తాను స్వతంత్రుడనని యెరిగియు, ఎరుగనట్లు తనకు తానే నటించుట దాని లక్షణము. సీతారామారావు దానికి అచ్చమైన ఉదాహరణము. ఇంతమాత్రమున గోపీచందును సార్త్ర్ శిష్యునిగా నెంచుట తగదు. మన విమర్శకులు కొందరు ఈ పొరపాటు చేయుచున్నారు. నవల 1940ల నడిమి కాలమున వెలువడినది. సార్త్ర్ గ్రంథము ఇంగ్లీషులోనికి వచ్చినది 1956లో. గోపీచందు వచ్చినది మరియొక త్రోవ. తండ్రి రామస్వామి చౌదరిగారి హేతువాదము ఇంట నుండెను, బయట ఎం. ఎన్. రాయ్ ఉద్యమము. రాయ్ తన నవ్యమానవవాదమును 1947లో ప్రకటించెను. ఆ వాదమునకు హేతుబద్ధుడైన మానవునిపై గొప్ప నమ్మకము. ఆ కూటమిలో తిరిగిన రచయితయే, హేతువు మనిషిని తినివేయు తీరును ఇంత నిర్దయగా చిత్రించెను. ఈ నవలను మేము గొప్పదిగా నెంచుటకు ఇది ముఖ్యకారణము: రచయిత తన పక్షము వారికి అనుకూలమైన సాక్ష్యము చెప్పలేదు.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తీరు వేరు. ఆకాశవాణి ఉద్యోగముపై ఈ మదరాసులోనే చాలకాలము గడపిన బుచ్చిబాబుకు రంగుల కుంచె కూడ పట్టువడినది. నవలలో ఆ కన్ను తెలియుచుండును. నాయకుడు దయానిధి వైద్యుడు. అతని తల్లిని గూర్చి లోకము పలికిన మాట అతని వెంటనే నడచుచుండును. తాళపుచెవి రంధ్రమునుండి తొంగిచూచువాడు, వెనుక అడుగుల చప్పుడు విన్నంతనే సిగ్గుతో వస్తువుగా మారిపోవునని సార్త్ర్ వర్ణించెను. దయానిధికి ఆ అడుగుల చప్పుడు ఎన్నడును ఆగదు. అయితే అతడు చేసిన తప్పేమియు లేదు. ఇది ఫ్రెంచి తత్త్వజ్ఞుని ఉదాహరణముకంటె క్రూరమైనది. స్త్రీ పాత్రలు కొన్ని నాయకుని చింతనకు సాకులుగా మాత్రమే మిగిలినవని మా ఫిర్యాదు. అమృతము అట్లు కాదు. ఆమె వచ్చిన పుటలలో నవల ఊపిరి పీల్చుకొనును.

తరువాత 1969లో నవీన్ 'అంపశయ్య' వచ్చినది. దానికి వేరొక వ్యాసము కావలయును.

ఇక మన సంగతి. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినపుడు మదరాసు ఇవతలనే నిలిచెను, మనమును నిలిచితిమి. సార్త్ర్ వర్ణించిన హోటలు సర్వరు ఒకడు కలడు. అతడు సర్వరుగా నుండుటను నటించుచు, నడకలో, వంగుటలో కొంచెము అతి చేయుచుండును. ఉగాదినాడు పట్టుపంచె కట్టి, పచ్చడి పంచి, మైకు ముందు తెలుగుతల్లిని పొగడి, ఇంటికి పోయి పిల్లలతో ఇంగ్లీషులో మాటలాడు మనము ఆ సర్వరునకు దగ్గరి చుట్టములము కామా? మేమును ఆ మైకు ముందు నిలిచినవారమే గనుక ఈ మాట అనుటకు సాహసించితిమి.

దీనికి జర్మను తత్త్వవేత్త హైడెగ్గరు నుండి ఒక సమాధానము తెచ్చుకొనవచ్చును. 1947లో ప్రకటితమైన తన లేఖలో అతడు సార్త్ర్ మానవవాదమును తిరస్కరించెను. భాష మన చేతి పనిముట్టు మాత్రమే కాదట; మానవుడు నివసించునదే భాషలోనట. ఇల్లు శిథిలమగుచున్న కుటుంబముల వారికి ఇది గుండెకు తగులును, మాకును తగిలినది. కాని ఈ మాట పలికినవాడే 1933లో నాజీ పార్టీలో చేరినవాడని మరువరాదు. ఇంటిని గూర్చి అంత లోతుగా తలచినవాడు, పొరుగువానిని ఇల్లు వెడలగొట్టినవారి సరసన నిలువగలిగెను. తమిళుల నడుమ మూడు తరములు అన్నము తిన్న మనకు ఈ విషయమున సార్త్ర్ కొంత మేలు. అతని మానవుడు తన నిర్ణయమునకు తానే పూచీ. రక్తమును, మట్టిని సాక్షికి పిలువడు.

నిరుడు మా పుస్తక గోష్ఠికి ఒక కుర్రవాడు వచ్చెను. తమిళ మాధ్యమమున చదివినవాడు, తెలుగు లిపి రాదు. 'నేను తెలుగువాడనని మీరందురు, బడిలో వారును అందురు. నన్నెవ్వరును అడుగలేదేమి?' అనెను. గోష్ఠిలో కొందరు నొచ్చుకొనిరి. ఒక పెద్దాయన లేచి పోయెను. మాకు ఆ ప్రశ్న సీతారామారావు అడుగవలసియుండి అడుగనిదిగా తోచినది. అతనికి గోపీచందు నవల ప్రతి ఇచ్చితిమి. రాత్రులు వాని తల్లి చదువుచున్నదట, అతడు వినుచున్నాడట. సగము దాకా వచ్చిరని మొన్న సంతలో ఆమె చెప్పినది. తనకు సీతారామారావుపై కోపము, కొడుకునకు జాలియట.