రైలు కిటికీలోంచి

'వసంత కోకిల' (1982) చివరి సన్నివేశం చూసిన ప్రతిసారీ ఏడ్చాను. స్టేషన్లో కుంటుతూ, కోతిలా గంతులేస్తూ, గుర్తుపట్టమని బతిమాలే కమల్‌హాసన్ కోసమే ఏడ్చాను. ఈమధ్య మళ్ళీ చూస్తుంటే నా చూపు రైల్లో కూర్చున్న శ్రీదేవి దగ్గర ఆగిపోయింది.

ప్రమాదంలో జ్ఞాపకం పోయి పసిపిల్లయింది. వేశ్యాగృహం పాలయింది. తెలివొచ్చేసరికి అమ్మానాన్నలు ఎదురుగా ఉన్నారు. మధ్యలో తన ఒంటికీ మనసుకీ ఏం జరిగిందో ఆమెకు తెలియదు. ఆ రోజులన్నీ అతని జ్ఞాపకాలుగా, అతని గుండెకోతగా మాత్రమే మిగిలాయి. బాలు మహేంద్ర ఆమెను నిందించలేదు, నిజమే. కానీ రైలు వెళ్ళిపోయాక కెమెరా ఎవరితో ఉండిపోయింది? ఆమె మరుపు మనకి కృతఘ్నతలా ఎందుకు తోచింది?

నాలుగేళ్ళకి 'స్వాతిముత్యం' (1986) వచ్చింది. వితంతువు లలితకి విశ్వనాథ్ రెండో జీవితం ఇచ్చారు. చిన్న విషయం కాదది. అయితే గుళ్ళో అందరి ముందూ తాళి కట్టేముందు శివయ్య ఆమెను అడగలేదు. అతను అమాయకుడు కదా అని మనమూ అడగలేదు.

ఇక్కడా కమల్‌హాసనే. మొదటి సినిమాలో ఆమె పసితనం ఆమెకు మాటే లేకుండా చేసింది. రెండో దాంట్లో అతని పసితనం ఆమె మాటతో పనిలేకుండా చేసింది.

నా కన్నీళ్ళు అబద్ధమనను. అవి ఎవరికోసం కారడానికి అలవాటుపడ్డాయో ఇప్పుడు తెలిసింది. ప్రేమలో రెండో అవకాశం అంటాం. మరచిపోయే వీలు, వద్దనే వీలు కూడా ఆమెకు ఉంటేనే అది అవకాశం.