సకినం చుట్టే చేయి

తెలంగాణలో సంక్రాంతి పిండివంట అనగానే ముందు తలుచుకునేది సకినాలనే. అరిసెలు ఉంటే ఉంటాయి, మురుకులు, గారెలు వీలునుబట్టి చేస్తారు. సకినాలు లేకుండా మాత్రం పండుగ గడవదు. అయినా కోస్తావాళ్ల అరిసెకు దక్కినంత పొగడ్త దీనికి దక్కలేదు. అరిసె పాకం మీద ఎంతైనా చెప్పుకుంటాం గానీ సకినం దగ్గరికొచ్చేసరికి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి, నీళ్లతో కలిపి, చుట్టి, వేయించాలని రెండు ముక్కల్లో తేల్చేస్తాం. పనితనమంతా అలా దాటేసిన ఆ చుట్టడంలోనే ఉంది.

చుట్టేదాకా రావాలంటే ముందు పిండి కుదరాలి. వానాకాలం వరి కోతలై, వడ్లు ఇల్లు చేరి, బియ్యం పట్టించుకున్నాక పండుగకు నాలుగైదు రోజుల ముందు రాత్రి నానబోస్తారు. తెల్లారి నీళ్లు వంచి, వడకట్టి, తడి ఆరీ ఆరకముందే గిర్నీకి మోస్తారు. ఒకప్పుడు రోట్లో పోసి ఇద్దరు ముగ్గురు రోకళ్లతో దంచేవాళ్లు. తడి బియ్యం అన్ని గిర్నీల్లో పట్టరు కాబట్టి పట్టే గిర్నీ ముందు ఆ వారమంతా డబ్బాలు వరుస కట్టి ఉంటాయి.

ఇంత తిప్పలు ఎందుకంటే, గోధుమపిండికి ఉన్న సాగుడు గుణం బియ్యప్పిండికి లేదు. పొడి బియ్యం పట్టించిన పిండితో తాడు తీయబోతే రెండంగుళాలకే తెగుతుంది. ఎలాగో చుట్టినా సకినం గట్టిపడి పంటికి పరీక్ష పెడుతుంది. నానిన గింజ మెత్తబడి సన్నగా నలుగుతుంది, ఆ తడే పిండిని పట్టి ఉంచుతుంది. అందుకే గిర్నీ నుంచి తెచ్చిన పిండిని గాలికి వదలరు. జల్లించి, గిన్నెలో అదిమిపెట్టి, మీద తడిబట్ట కప్పుతారు. “బట్ట కప్పవే, పిండి ఎండిపోతది” అన్న కేక ఆ రోజు ప్రతి ఇంట్లో ఒక్కసారైనా వినబడుతుంది.

కిలో బియ్యానికి నువ్వులు పావుకిలోకు కాస్త అటూ ఇటూ. చేయి జారి ఎక్కువ పోస్తే తాడు నువ్వు గింజ దగ్గరే తెగుతుంది. వాము నలిపి వేస్తారు. కలపడానికి చన్నీళ్లే వాడతారు. పిండి ఒక్కసారే కలిపేయకుండా కొద్దికొద్దిగా, చుట్టినంత మేరకే తడుపుకుంటారు.

నేల మీద ఉతికిన తెల్ల నూలు బట్ట పరుస్తారు. చాలా ఇళ్లలో మొదటి ముద్ద గౌరమ్మకు. పిండితోనే గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాతే పని మొదలుపెడతారు. వాడకట్టులోని ఆడవాళ్లు బట్ట చుట్టూ కూర్చుంటారు. ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో. ఒక్కరే కూర్చుంటే నాలుగైదు కిలోల పిండికి నడుములు పడిపోతాయి. ఈ వంటను ఒక్క మనిషికి సరిపడేలా ఎవరూ కనిపెట్టలేదు.

ఇక చేతిని చూడాలి. నిమ్మకాయంత ముద్ద అరచేతిలో ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు దాన్ని సన్నగా లాగుతూనే మెలిపెడుతుంటాయి. లాగడం వేరు, మెలి వేరు, కింద బట్ట మీద గుండ్రంగా పరవడం వేరు. మూడూ ఒకే కదలికలో జరగాలి. వేళ్ల నుంచి దిగేది పురికొసలా ఉంటుంది, ప్రతి మెలి గీత విడిగా కనబడుతుంది. మధ్యలో చిన్న సున్నాతో మొదలై, దాని చుట్టూ రెండోది, మూడోది. చేయి తిరిగినవాళ్లు నాలుగైదు చుట్లు కూడా ఆగకుండా వేస్తారు. చివరి కొసను పక్క చుట్టుకు చిటికెతో అతికి వదిలేస్తారు.

చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎంత జాగా వదలాలన్నదే అసలు విద్య. మరీ ఒత్తుగా వేస్తే చుట్లన్నీ ముద్దగా కలిసిపోయి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మరీ ఎడంగా వేస్తే ఎత్తేటప్పుడే ఏ చుట్టుకాచుట్టు ఊడిపోతుంది. అక్కడక్కడ మాత్రమే అంటుకోవాలి. ఆ సందుల్లోంచే నూనె పారుతుంది, ఆవిరి పోతుంది, అందుకే సకినం అంతా ఒకేలా కాలుతుంది. జంతికల గొట్టంతో వత్తితే గుండ్రం వస్తుంది గానీ ఈ మెలి రాదు. మెలి లేనిది సకినం కాదన్నది నా మాట. కాదనేవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని కొరికి చూడవచ్చు.

బట్ట పని కూడా తక్కువది కాదు. చుట్టిన సకినంలోని అదనపు తడిని అది పీల్చుకుంటుంది. తడి మీదే వేస్తే నూనెలో విరిగిపోతాయి, ఒక్కోసారి పేలి పొయ్యి దగ్గరున్నవాళ్ల చేతుల మీదికీ వస్తాయి. బాగా ఆరిపోతే ఎత్తేటప్పుడు పెళుసుగా విరుగుతాయి. ఎప్పుడు ఎత్తాలో గడియారం చెప్పదు. పెద్దవాళ్లు అంచును వేలితో తట్టి చూసి, “ఇగ తియ్యుండ్రి” అంటారు. సన్నని పళ్లెమో అట్లకాడో అంచు కిందికి పోనిచ్చి, ఎత్తి, కడాయిలోకి జారవిడుస్తారు. తొలుత ఒక్కటే వేసి చూస్తారు. అది నిలిస్తేనే మిగతావి. మంట మధ్యస్థంగా ఉంచాలి. నూనె మీద నురగ తగ్గిందంటే కాలినట్టే. ఎర్రబడేదాకా ఉంచితే వాసన మారుతుంది. మంచి సకినం పాలిపోయిన తెలుపులోనే ఉంటుంది. చాలా ఇళ్లలో పొడవాటి చువ్వను నడిమి సున్నాలో దూర్చి రెండు మూడింటిని కలిపి పైకి తీస్తారు.

బట్ట మీద వందల సకినాలు ఉన్నా ఏది ఎవరు చుట్టిందో ఆ ఇంటివాళ్లు చెప్పేస్తారు. ఒకరి మెలి దగ్గరదగ్గరగా ఉంటుంది, ఇంకొకరిది సాగినట్టు. ఒకరు కుడి నుంచి తిప్పితే ఒకరు ఎడమ నుంచి. పిల్లలు చుట్టినవి వంకరటింకరగా ఓ మూలన పడి ఉంటాయి. “నువ్వు సుట్టింది నూనెల నిలువదు బిడ్డా” అని నవ్వుతూనే పెద్దమ్మ దాన్నీ వేయిస్తుంది. విరిగిన ముక్కలు పిల్లలకే కాబట్టి వాళ్లకు అందులో నష్టమేమీ లేదు. బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు గంపలకెత్తి ఇచ్చేవి కూడా ఇవే. వియ్యాలవారు రుచికంటే ముందు చుట్టునే చూస్తారు.

ఇప్పుడు కరీంనగర్, వరంగల్, హైదరాబాద్ దుకాణాల్లో ఏడాది పొడవునా సకినాలు దొరుకుతున్నాయి. అమెరికాకు పార్సిళ్లూ వెళ్తున్నాయి. కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, వాటిలో మంచివాటి వెనకా ఎవరో ఒక ఆడమనిషి వేళ్లే ఉన్నాయి. కాకపోతే వాటికి కిలోకు ఇంత అని కట్టే ధరలో ఆ వేళ్లకు అందేది ఎంతో అడిగేవాళ్లు తక్కువ.

ఇంట్లో చుట్టడం తెలిసిన అమ్మో, అత్తమ్మో, నాయనమ్మో ఉంటే ఈసారి ఫోన్ పక్కన పెట్టి ఆమె ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే మెలి తిరగేసి కనబడుతుంది. గిర్నీకి మాత్రం పండుగకు వారం ముందే పోయి రండి. ఆ తర్వాత వరుస దొరకదు.