చార్మినార్ బజారు, ఓరుగల్లు కంచె

తెలంగాణ రాజముద్రలో ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం మధ్య చార్మినార్ ఒదిగి ఉంటుంది. ముద్రలో అంత దగ్గరగా కనిపించే ఈ రెండు కట్టడాలకూ తమ ఊళ్లతో ఉన్న అనుబంధం మాత్రం ఒకలాంటిది కాదు. శిల్పం మాట వస్తే నా ఓటు ఓరుగల్లుకే. చూడ్డానికి వెళ్లినవాళ్లకు చరిత్ర ఒంటబట్టేది మాత్రం చార్మినార్ దగ్గర.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కొత్త నగరానికి నడిబొడ్డుగా చార్మినార్ కట్టించాడు. నాలుగు దిక్కులా తెరుచుకున్న కమాన్లు, వాటి ముందు నాలుగు దారులు. ఉత్తరాన గుల్జార్ హౌజ్, దాని చుట్టూ చార్ కమాన్. పడమటి దారి పట్టి నాలుగడుగులు వేస్తే లాడ్ బజార్. అందుకే చార్మినార్ చుట్టూ ఉన్న సందడిని కట్టడానికి పట్టిన పీడగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. పొగ, అదురు రాయికీ గచ్చుకూ చేటు చేస్తాయి. 2019లో ఒక మీనారు నుంచి గచ్చు పెళ్ల ఊడిపడింది కూడా. బండ్లను దూరం పెట్టి, చుట్టూ రాళ్లు పరిచి నడకదారి చేయడం మంచి పనే. అదే ఊపులో తోపుడుబండ్ల వాళ్లనూ తరిమేయాలనడం మాత్రం అన్యాయం. నాలుగు దారుల కూడలిలో కట్టిన కట్టడానికి జనమే కదా ప్రాణం!

లాడ్ బజార్ వెనక సందుల్లో లక్క గాజు తయారవుతుంటే కాసేపు నిలబడి చూడండి. బొగ్గుల కుంపటి సెగకు లక్కను మెత్తబరుస్తారు. సన్నటి కడ్డీలా సాగదీసి, వంచి, రెండు కొసలూ అతికిస్తారు. వేడి ఆరకముందే తళుకు రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతారు. లక్క చల్లారితే రాయి పట్టదు, మరీ వేడెక్కితే గాజు వంకర పోతుంది. ఆ మెళకువంతా వేళ్లలోనే ఉంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముందు వీధి కొట్లో ‘టూ సిక్సా, టూ ఎయిటా’ అని అడుగుతూ చేతికి గాజు ఎక్కిస్తారు. పెళ్లి గాజులకు వచ్చిన ఆడవాళ్లు తలెత్తి చార్మినార్ వంక చూస్తారో లేదో గానీ, ఆ కూడలిని ఎందుకు కట్టారో అందుకే వాడుతున్నారు.

ఓరుగల్లు కోటలో అడుగుపెడితే ముందు కళ్లకు పండగే. గణపతిదేవుడు మొదలుపెట్టిన కోట రుద్రమదేవి కాలంలో పూర్తయింది. నట్టనడుమ స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో ఢిల్లీ సేనలకు కోట చిక్కాక ఆ గుడి నేలమట్టమైంది. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు మిగిలాయి. తోరణం పైన కొసల్లో హంసలు, కింద వేలాడే తామర మొగ్గలు. అంత బరువు రాయిని అంత తేలిగ్గా నిలబెట్టిన పనితనం ముందు చార్మినార్ గచ్చు అల్లికలు నాకు వెలవెలబోయినట్టే అనిపిస్తాయి.

చిక్కల్లా ఆ తర్వాతే. టికెట్టు, కంచె, పచ్చగడ్డి, వరుసగా పేర్చిన విరిగిన స్తంభాలు, తోరణం కింద ఫోటో, తిరుగుప్రయాణం. రాళ్లను కాపాడటానికి కంచె కావలసిందే, కాదనను. కానీ కోట అంటే ఆ కంచె లోపలి భాగమేనన్న భ్రమ కలుగుతోంది. రాతిగోడ, అగడ్త, దాని అవతల మట్టికోట, వాటి మధ్య ఇళ్లు, పొలాలు: అసలు ఓరుగల్లు అదంతా. ఖిలా వరంగల్ జనం ఇప్పటికీ కోట ద్వారాల్లోంచే ఊళ్లోకి వచ్చి పోతుంటారు. శత్రువు నేరుగా దూసుకు రాకుండా ద్వారం లోపల దారిని మలుపులు తిప్పారు. ఈరోజు అదే మలుపు దగ్గర ఆటో నెమ్మదిస్తుంది. కాకతీయుల యుద్ధ తంత్రం ఇంత సులువుగా అర్థమయ్యే చోటు మరొకటి లేదు. అక్కడ ఆగి చూసే యాత్రికులు మాత్రం తక్కువ.

చార్మినార్‌కు వెళ్తే బజారు తప్పించుకోలేం. ఓరుగల్లులో ఊరిని మనమే వెతుక్కుంటూ వెళ్లాలి. ఈసారి వెళ్లినప్పుడు తోరణాల దగ్గర ఒక గంట తక్కువ గడిపినా పరవాలేదు. ఆ గంటలో తూర్పు ద్వారం దాకా నడవండి, రాతిగోడ ఎక్కి అగడ్త చూడండి, వీలైతే మట్టికోట దాకా వెళ్లి రండి.