డార్క్‌రూమ్‌లో తెల్లదీపం

డార్క్‌రూమ్ అంటే ఎర్రబల్బుకే పేరొచ్చింది గాని, పాకాల జంక్షన్ లాంటి ఊళ్ల స్టూడియోల్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు కడిగినవాళ్ల పనితనం తేలేది ఫిక్సర్లో ముంచాక వేసే తెల్లదీపం కిందే. అరవై దాటిన కంట్లో పాప చిన్నదవుతుంది, కటకం పసుపెక్కుతుంది. ఇరవైయేళ్ల కంటికి అందే వెలుగులో సుమారు మూడో వంతే రెటీనాకు చేరుతుంది. మరి పెద్ద బల్బు తగిలిస్తే పోదా అంటారు. పోదు. వెలుగు మితిమీరితే నీడల్లోని వివరాలన్నీ కనబడతాయి, ఆ ధీమాతో ప్రింటు ముదురుగా తీస్తారు. ఇంటి గోడకెక్కాక అది నల్లముద్దే. పైగా తడి కాగితం ఆరితే ఇంకాస్త ముదురుతుంది! వయసు మీదపడ్డాక కూడా ఈ లెక్క తప్పనివాడే నిజమైన పనివాడు. అతనికి రెండు దీపాలు కావాలి: మచ్చలు, ఫోకస్ వెతకడానికి గట్టిది, టోన్ తేల్చడానికి ఇంటి వెలుగంతటిది.